పదిహేడు ఒకట్లు

కొంతియోమాకి జంక్షన్లో నాది మంచు తవ్వే పని.
పట్టాలు చీలే చోట గడ్డకట్టిన ఇనుప నాలుకల్ని
పారతో, వేడినీళ్ళతో, ఒక్కోసారి తిట్లతో కదిలించడం.
రాత్రి రెండింటికి చేతులు కాచుకోడానికి తంతి గదిలోకి వెళ్ళేవాణ్ణి.
అక్కడ హిల్కా ఉండేది,
చెవి తంతికి, పెన్సిలు కాగితానికి అప్పగించి.

పాత సరుకు చీటీ వెనకవైపు ఒక వరస:
11111111111111111
"కంచె గుంజలా?" అన్నాను.
"సంఖ్య. దీన్ని ఏది నిశ్శేషంగా భాగిస్తుందో చూస్తున్నా."

నాకు తెలిసిన పదిహేడు వేరు.
పదిహేడు దుంగల వ్యాగన్లొస్తే
రెండు లైన్ల మీదకి కుదరవు, మూడింటి మీదకీ కుదరవు,
ఎలా విడగొట్టినా ఒకటి వెర్రిమొహం వేసుకుని మిగులుతుంది.
అదే చెప్పాను. నవ్వింది.
"బండిగా నిలబడితే పదిహేడు తెగదు, నిజమే.
అంకెలై నిలబడితే?"

అన్నిటినీ పిలవదట.
ముప్పైనాలుగుతో భాగిస్తే ఒకటి మిగలాలి,
తాను ఎవరికీ తెగనిదై ఉండాలి,
అలాంటి వాటికే ఆ గడప.
నూట మూడు వచ్చింది, వెళ్ళింది.
నూట ముప్పై ఏడు. రెండు వందల ముప్పై తొమ్మిది.
ప్రతిదీ ఏదో ఒక శేషం బల్ల మీద వదిలి లేచిపోయేది,
కాఫీకి చిల్లర పెట్టి రైలెక్కే మనిషిలా.

నాలుగు శీతాకాలాలు.
రాత్రికి పదో పదిహేనో.
తంతి టకటకమంటే సగం భాగహారాన్ని అక్కడే ఆపి
ఔలు నుంచి వచ్చే బండికి దారిచ్చేది.
జ్వరంలో చేసిన వారం లెక్కల్ని నమ్మక
పొయ్యిలో వేసి, మళ్ళీ చేసింది.

మైనస్ ముప్పై ఒకటి ఆ రాత్రి.
నేను తలుపు తీసేసరికి పెన్సిలు పడుకుని ఉంది.
2071723.
బల్ల మీద చిల్లర లేదు.

తప్పేమో చూడమంది నన్ను,
ఎక్కాలు తప్ప ఏమీ రానివాణ్ణి.
అవతలి ముక్క 5363222357.
కుడి చివర నుంచి మొదలుపెట్టాను:
మూడేడులు ఇరవై ఒకటి.
ఒకటి వేసి, రెండు చేతిలో.
పక్కనా ఒకటే. దాని పక్కనా ఒకటే.
ఆఖరి ఒకటి దిగేసరికి తెల్లారింది,
గడియారంలో. కిటికీలో కాదు.

"ఆ పెద్దది కూడా తెగుతుందేమో?"
"తెగదు. దాన్ని కోసేదే ఉంటే
ఈ నాలుగేళ్ళలో ఎప్పుడో ఈ కుర్చీలో కూర్చుని ఉండేది."

సంతోషించిందా? చెప్పలేను.
తెగకూడదనే కోరుకుందని ఆ రాత్రే తెలిసింది నాకు.
కాఫీ పోసింది రెండు కప్పుల్లో,
సమానంగా కాదు, నాకే ఎక్కువ.
చీటీ తిప్పి పంతొమ్మిది ఒకట్లు గీసింది.
"మరి పద్దెనిమిది?"
"దానికి పదకొండు చాలు. జంటలు జంటలుగా ఊడిపోతుంది."

ఆమె పెన్షన్ తీసుకున్న నాటికీ పంతొమ్మిది
ఎవరికీ తలుపు తీయలేదు.
తంతి గదిలో ఇప్పుడు సైకిళ్ళు పెడుతున్నారు.
దుంగల బండి వస్తే ఇంకా లెక్కపెడతాను.

నిన్న పంతొమ్మిది వ్యాగన్లు.
రెండుగా విడగొట్టమన్నారు.
నాలుకలు గడ్డకట్టాయని చెప్పాను.