వంకర కుట్టు

చాప చిరిగింది ఆగస్టు చివర్లో, ముహు దీవి దగ్గర.
పెద్ద శబ్దం ఏం లేదు,
బట్టల కొట్లో మీటరు గుడ్డ చింపినట్టు
ఒక్క గీత.
పడవ పేరు హహ్క్, అంటే సముద్రపు బాతు.
బాతులాగే రెక్క వాల్చి ఒడ్డు చేరాం.

కురెస్సారెలో చాపలు కుట్టేవాడు చెప్పిన ధర
నేను పడవ కొన్న ధరలో సగం.
ఇంటికొచ్చి పరిస్తే
వంటింట్లోంచి వసారా దాకా వచ్చింది.
పిల్లి దాని మీద పడుకుంది.

మొదట అమ్మ మిషను.
నా బడి గౌన్లు, దిండు గలేబులు,
రెండు పెళ్లిబట్టలు కుట్టిన మిషను.
రెండు మడతలు మింగింది. మూడోదానికి గొణిగింది.
మూలన ఆరు పొరలు పెట్టానో లేదో
సూది విరిగి ముక్క నా కళ్లజోడుకి తగిలింది.
అమ్మకి చెప్పినట్టే చెప్పాను దానికీ:
ఇంక కూర్చో, చాల్లే చేసింది.

రెండోది టీవీలో చూసి కొన్నాను.
నూట ఇరవై రకాల కుట్లట.
బాతుపిల్లల వరస కూడా కుడుతుంది,
పద్దెనిమిదో నంబరు సూది మాత్రం పట్టదు.

మూడోది పార్నూలో మూతబడ్డ బూట్ల ఫ్యాక్టరీది.
ఇనుము.
అక్క కొడుకు రేమో దాన్ని మోసి
వారం రోజులు నడుం పట్టుకుని తిట్టాడు.
మోటారు లేదు. చేటంత చక్రం,
అటూ ఇటూ ఊగే సూది, గుడ్డతోపాటు అడుగేసే పాదం.
రంగు లేచిన చోట మేకుతో గీసిన పేరు: లైనె.
ఎవరో తెలీదు.

ఎండెల్ వచ్చాడు.
చేపల సహకార సంఘంలో ముప్పై ఏళ్లు టార్పాలిన్లు కుట్టినవాడు.
పాఠం చెప్పడు. కాఫీ తాగుతాడు, చూస్తాడు,
చెడింది అంటాడు.
ముత్యాల్లా ఉంది కదా కుట్టు అంటే
తిప్పి చూపించాడు.
అడుగున పిచ్చుక గూడు.
"గూడు కింద కడితే తప్పు పైదారంది."
ఆ రోజుకి అంతే.

నాకు తిన్నగా కుట్టడం వచ్చు, ఇస్త్రీ మడతలా.
ఆయన రెండు చేతులా పట్టి లాగాడు.
గుడ్డ సాగింది, దారం సాగలేదు,
టప్ టప్ టప్.
"గాలికి తిన్నదనం అక్కర్లేదు. వంకరగా పో."
అరవయ్యో ఏట ఒకడు నన్ను వంకరగా పొమ్మన్నాడు!
నవ్వాపుకోలేక చక్రం వదిలేశాను.

అక్టోబరంతా పీలికలు.
తడి చేపలా జారిపోయే పాడు గుడ్డ.
గుండుసూది దిగదు, దిగితే చిల్లు పోదు.
రెండువైపులా జిగురున్న టేపు అంటించి
తెరచాపని పడుకునే చాపలా చుట్టి
మిషను చంకలోంచి దూరిస్తే
అవతల రేమో, ఇవతల నేను,
జానకొక ఊపిరి.
చేతికంటే ముందు చెవి నేర్చుకుంది:
దారం తెగబోయే ముందు
మిషను గొంతు కాస్త సన్నబడుతుంది.
ఇది ఎండెల్ చెప్పలేదు.
లైనెకి తెలిసే ఉంటుంది.

మే నెల. టీ రంగు చాప మీద తెల్లటి మాసిక.
గాలి నిండింది. రేమో ఒడ్డు వైపు చూస్తున్నాడు,
నేను మాసిక వైపు.
పట్టింది. వంకర వంకరగా ప్రతి పన్నూ పట్టింది.
సరిగ్గా దాని పక్కనే
పాత గుడ్డ, మెల్లగా, పోగు పోగుగా
వీడింది.

ఫోన్లో ఎండెల్ కాసేపు మాట్లాడలేదు.
"నీ కుట్టు తెగిందా?"
"లేదు."
"అయితే కుట్టడం వచ్చింది.
గుడ్డకి ఎప్పుడు సెలవివ్వాలో అది నేర్చుకో ఇక."
అది నేర్పేవాళ్లెవరున్నారీ దీవిలో అని అడిగేలోపు
పెట్టేశాడు.

కొలిచాను. జాన మీద నాలుగు వేళ్లు.
మిషనుకి నూనె వేశాను.