ఘాటు

నల్లపాడు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ షెడ్డు.
తేజ కాయల గుట్ట ముందు
తొడిమలు తీస్తూ మస్తాన్‌బీ
కొంగుతో కళ్ళొత్తుకుంది.
"పాడు ఘాటు" అంది.

కొత్తపిల్లలు నమ్మారు.
ఇరవయ్యేళ్ళు మిరప దుమ్ములో నలిగిన కళ్ళకి
ఘాటొక లెక్కా?
మా ఇద్దరికీ తుమ్మైనా రాదు.

ఏమైందని అడగలేదు.
మధ్యాహ్నం క్యారేజీ విప్పి
గోంగూర సగం దాని మూతలోకి తోసి
నా సంగతి చెప్పాను:
కౌలు మునిగినకాణ్ణించి
మా ఆయన గోడవైపే తిరిగి పడుకుంటున్నాడని,
చేనికి తెచ్చిన పురుగుమందు డబ్బా
రోజుకో చోట దాస్తున్నానని,
పొద్దున లేవగానే ముందు అదే చూసుకుంటానని,
ఆ తర్వాతే పొయ్యి అని.

ముద్ద దాని చేతిలోనే ఉండిపోయింది.
అవతల కాటా మీద బస్తాలు పడుతున్నాయి.
చాలాసేపటికి అంది:
"మా ఇంట్లో దాచే చోట్లు అయిపోయాయే."