రానూ పోనూ

అమలాపురంలో పీచుతాళ్ళ కొట్టు మీద మేడగది.
నా శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మొదలవుతుంది.
అక్కడ వాళ్ళకి అప్పుడే కాఫీ చేతికొచ్చి,
రెండురోజులు ఎటైనా పోవాలని మనసు లాగే వేళ.

నేను ఊళ్ళు అమ్ముతాను.
చూడని ఊళ్ళు.
పండుగప్ప మొప్ప ఎత్తి చూపించినట్టు
ఇదుగో, ఎర్రగా ఉంది, నిన్నటిది కాదు అంటాను.

పోర్టోకైతే మోకాళ్ళుండాలి, అన్నీ మెట్లు.
త్రియెస్తెలో చలిగాలి మనిషిని గోడకి అదిమేస్తుంది.
ఘెంట్ బాగుంటుంది, కాలవలు.
కాలవ చూడ్డానికి విమానమెక్కడం ఏమిటో
పేరూరు కాలవగట్టు మీద నడక నేర్చినదానికి
ఇప్పటికీ ఓ పట్టాన ఎక్కదు.

తెర మీద నా పేరు వేరా.
ఇంట్లో వరహాలు.

ఆ శుక్రవారం ఉల్మ్ నుంచి మారెన్ అని ఒకావిడ.
రెండు రాత్రులు. రైల్లోనే. మ్యూజియాలొద్దు.
మోకాలి ఆపరేషనై ఆర్నెల్లు.
ఎవరితోనూ మాట్లాడకపోయినా
ఎవరూ వింతగా చూడని చోటు కావాలి.

సముద్రం, కొండ, షాపింగు,
పిల్లలతో, పిల్లల్లేకుండా,
ఇన్ని గళ్ళున్న మా ఫారంలో
ఆ ఆఖరి మాట పెట్టడానికి గడి లేదు.

అయిదు ఊళ్ళు చూపించాను.
ఒకటి ఖరీదు. ఒకటి దూరం.
రెండిటికి ఊరికే, వద్దు.
అయిదోదానికి: అక్కడికి ఆయనతో వెళ్ళాను.
తర్వాత మూడు చుక్కలు
ఆరుతూ వెలుగుతూ, ఆరుతూ వెలుగుతూ,
ఏమీ రాయకుండానే ఆగిపోయాయి.

అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టరు మూలిగింది.
కింద పీచు దులుపుతున్న చప్పుడు.
నేను మాకిచ్చిన వాక్యాలు పక్కన పెట్టి రాశాను:
కొన్‌స్టాంజ్‌లో దిగండి. పెద్ద చెరువుంటుంది, సరస్సనాలేమో.
కార్లనెక్కించుకుని అవతలి ఒడ్డుకి పడవ పోతుంది,
పగలూ రాత్రీ, పావుగంట ప్రయాణం.
అవతల ఊరికి నిలువు మెట్లు. మీరు దిగొద్దు.
రానూ పోనూ టికెట్టు తీసుకుని
అందులోనే కూర్చోండి.

మీరు వెళ్ళారా, అంది.
'చాలా బాగుంటుందని విన్నాను' అనాలి, రూలు.
లేదండీ, మా దగ్గరా ఒకటుంది, అన్నాను.

ఆ పడవ మీద మనకి కమీషనేం రాదు కదా వరహాలూ,
అన్నాడు టీం లీడరు షరీఫ్, తల గోక్కుంటూ.

సోమవారం ఆవిడ మూడు నక్షత్రాలిచ్చింది.
చలి. కాఫీ బాగోలేదు. నాలుగుసార్లు తిరిగాను. అంతే.
మూడిటికి ఇన్సెంటివ్ రాదు.
ఆ 'నాలుగుసార్లు' దగ్గర మాత్రం
కాసేపు కళ్ళు ఆగిపోయాయి.

మా ఆదివారం మంగళవారం వస్తుంది.
ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాను.
బైకులు, కొబ్బరి బస్తాలు, బుట్టలో బాతులు,
ఎండలో మెరిసే పెళ్ళి బ్యాండు బాకా ఒకటి.
గౌతమి గోధుమరంగులో, తొందరేం లేకుండా.
నీళ్ళ మీద డీజిలు వాసన, దాని వెనకే పచ్చి బురద వాసన.

కోటిపల్లి రేవులో అందరూ దిగారు.
నేను దిగలేదు.
"దిగరా అమ్మగారూ?" అన్నాడు సరంగు.
"రానూ పోనూ తీసుకున్నానండి."
గొంతు తగ్గించాడు. "ఆయ్... ఎవరైనా పోయారా అండి?"
అస్థికలు కలిపినవాళ్ళే ఇలా ఒడ్డు తొక్కకుండా
నీళ్ళ వంక చూస్తూ తిరిగొస్తారట.
"లేదండి. సెలవు."
"సెలవా!" అని పెద్దగా నవ్వి,
నూనె డబ్బా జరిపి, మోకు చుట్ట మీద
గోనె పరిచి చోటు చూపించాడు.

ఉల్మ్ ఎంత దూరమో నాకు కిలోమీటర్లలో తెలుసు.
ఆవిడ ఏ పక్క కూర్చుందో తెలీదు.
గాలి కొడుతుంటే కొంగు చెవుల మీదుగా లాక్కుని
ఎడమ పక్కే కూర్చుందనుకున్నాను.

మూడోసారికి
సరంగు టికెట్టు అడగలేదు.