కొసరు

గుణుపురం సంతలో కొండచీపుర్లు బేరమాడుతుంటే
సుంబరి శబర కొంగుముడి విప్పి
అడ్డాకు పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది.
కొసరు, అంది.
లెక్కపెట్టాను, పదకొండు గింజలు.
చీపురుకి కొసరు విత్తనమేంటని నవ్వాను.
కాయ ఇంతే ఉంటుందని
చిటికెన వేలు చూపించింది, గోరు కింద బొటనవేలు ఆనించి.

చవితి వానలు తెరిపిచ్చాక
స్నానాల నీళ్ళు పోయే కాలవ పక్కన
పాత నూనె డబ్బాలో వేశాను.
నాలుగు మొలిచాయి. మూడు నత్త తిన్నది.
మిగిలినదాని ఆకు రామ్ములగ ఆకులా లేదు,
అంచున కోతల్లేకుండా, బంగాళాదుంప ఆకులా నున్నగా.
మా ఆయన కలుపని పీకబోయాడు.
నలిపి ముక్కు దగ్గర పెట్టాను.
వేళ్ళకంటిన ఆ పసరు వాసనని కాదనలేకపోయాడు.

ఎరువుల కొట్టు పాణిగ్రాహి ఫోటో చూసి
పిలకలు గిల్లెయ్యమన్నాడు. గిల్లాను.
గిల్లిన చోటల్లా రెండేసి పుట్టుకొచ్చాయి.
వెదురు పుల్ల దాటి, బట్టల తీగెక్కి
పక్కింటి గోడ మీద చెయ్యేసి
అటువైపు ఏముందో చూసింది.
"అపా, మీ బిలాతి మా ఇంటికొచ్చింది"
అటునుంచి సావిత్రీ బెహరా.
"రామ్ములగ" అన్నాను ఇటునుంచి.
"టమాటా" అంది మా నీలవేణి,
రెండిళ్ళకీ వినపడేలా.

గుత్తికి పద్నాలుగు కాయలు, రేక్కాయంతేసి.
ఎర్రబడతాయని చూశాను.
మార్గశిర గురువారాలన్నీ అయిపోయాయి,
బెహరా వాళ్ళ గుమ్మంలో
పిండితో వేసిన లక్ష్మి పాదాలు చెరిగిపోయాయి,
కాయ మాత్రం పచ్చగానే.
ఎండ చాల్లేదేమోనని డబ్బా జరిపాను.
బూడిద చల్లాను. మజ్జిగ పోశాను. తిట్టాను.
రాలినవన్నీ ఊడ్చి పారబోశాను,
ఆమె దగ్గర కొన్న చీపురుతోనే.

ఓ పొద్దున బట్టలారేస్తుంటే
పిగిలిపిట్ట గుత్తి మీద వాలి
మూడే పొడిచింది. మిగతావి ముట్టుకోలేదు.
అది పొడిచినవాటికీ వదిలేసినవాటికీ
నా కంటికి తేడా లేదు.
దాన్ని అదిలించి
అది పొడవబోతున్న కాయ నొక్కి చూశాను.
మెత్తగా ఉంది.
నోట్లో వేసుకుంటే పుటుక్కుమంది.
ముందు తీపి, వెనక పులుపు,
ఆఖర్న ఉప్పులాంటిదేదో, నాలిక పక్కన.
ఇలాంటిది ఎక్కడా తినలేదు.
ఎన్ని చాటలు పారబోశానో!

సంతకి పరిగెత్తాను. సుంబరి లేదు, కోడలుంది.
దీని పేరేంటని అడిగాను
తెలుగులో, ఒడియాలో, చేతులతో.
భుజం మీంచి వెనక్కి చూపించింది, కొండ వైపు.
పేరు అదో, పెరడు అక్కడో
నాకు తెలీలేదు.
పండిందని ఎలా తెలుస్తుందే మరి?
చీపుర్లు పక్కన పెట్టి లేచి
నా చెవి తమ్మె పట్టుకుని నొక్కింది.

ఈ ఏటి గింజలు కాగితం మీద ఆరాయి.
సావిత్రికి పదకొండు.
పొట్లం మీద ఏదో ఒకటి రాయాలి కదా.
నాకు ఒడియా మాటొచ్చు, అక్షరం రాదు.
నీలవేణికి బళ్ళో ఆ అక్షరమే నేర్పారు,
నాది రాదు.
నేను చెప్పాను, అది రాసింది,
నా వాటిలాగే గుండ్రంగా ఉండీ
నేను చదవలేని అక్షరాల్లో:
ఎర్రబడదు, చూస్తూ కూర్చోకు.
చెవి పట్టుకున్నట్టు పట్టుకో.