మూడో విడత

కొరుక్కుపేట కార్పొరేషన్ బడిలో
మధ్యాహ్నం గిన్నెలు దొర్లించే వసారా చివర
రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఓ బల్ల, నా రికార్డరు.
గోడకవతల పట్టాలు.
రైలొచ్చినప్పుడల్లా ఇద్దరం నోరు మూసుకుంటాం.
రాత్రి ఇంటికెళ్లి మాటలన్నీ కాగితమ్మీదికి ఎత్తేటప్పుడు
ఆ జాగాలో ‘రైలు’ అని రాసి
పక్కన ఎన్ని సెకన్లో వేస్తాను.

మొదటి విడతకి దేవసహాయానికి ఆరేళ్లు.
బల్ల మీద ఐదు మొహాలు పరిచాను:
సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం.
ఎక్కడో మంచు కురిసే ఊళ్లో గీసిన మొహాలు,
ఒక్కదానికీ నూనె రాసిన తల లేదు.
వాడు ఐదింటినీ తిరగేసి, వెనకాల కూడా చూసి,
‘అన్నం వద్దని మూల కూచున్న మొహం ఏదక్కా?’ అన్నాడు.

అలక.
నా పట్టికలో దానికి గడి లేదు.
కోపం కింద వేస్తే అబద్ధం,
దుఃఖం కింద వేస్తే ఇంకా పెద్ద అబద్ధం.
అలిగినవాడి వీపు మనకేసి ఉంటుంది గానీ
చెవి వంటింటి వైపే ఉంటుంది.
ఎవరో ఒకరు లేచి రావాలి.
వాళ్లింట్లో ఆ వచ్చే మనిషి నాయనమ్మ.
చీకటితో లేచి తంగసాల వీధి ఊడ్చొచ్చి
మోకాళ్లు పట్టేసినా
మూలదాకా దేక్కుంటూ వచ్చి
‘మా రాజుకి గుడ్డు ఉడకేసినానే’ అంటుందట.
‘ఒక్కోసారి గుడ్డుండదు. ఊరికే అంటాది.’
ఇదీ వాడే చెప్పాడు, రహస్యంగా, రికార్డరుకి చెయ్యి అడ్డం పెట్టి.
‘ఇతరములు’లో రాశాను.
మా గైడు ఎర్రసిరాతో సున్నా చుట్టి
ఇదేమిటని అడిగారు.

రెండో విడత. తొమ్మిదేళ్లు.
మనిషి బొమ్మ ఇచ్చి
భయం ఎక్కడుంటుందో అక్కడ రంగు వెయ్యమన్నాను.
తక్కిన పిల్లలు గుండె, పొట్ట. ఒక పిల్ల జడ కొస.
వీడు రెండు అరికాళ్లూ నల్లగా నింపాడు.
‘పరిగెత్తాల గదా!’
ఆ ఏడాది వానలకి నీళ్లు ఇంట్లోకొచ్చాయి.
ఇటికల మీద మంచం, మంచం మీద టీవీ,
టీవీ పక్కన నాయనమ్మ.
పడీ పడీ నవ్వుతూ చెప్పాడు.
ఆ నవ్వుకి ఏ అంకె వెయ్యాలో
నాకిప్పటికీ తెలియదు.

ఇవాళ మూడో విడత.
గొంతు రెండు ముక్కలైంది. పై పెదవి మీద మసి.
ఫోను తొడ కింద పెట్టుకుని కూచున్నాడు.
ముప్పై రెండు ప్రశ్నలు,
ముప్పై రెండింటికీ ‘నార్మల్‌క్కా’.
ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న కొలతలో
మూడు, మూడు, మూడు,
గీటుబద్ద పెట్టి గీసినట్టు.
ఇలాంటి వరస నమ్మదగింది కాదు, తీసెయ్యాలని నియమం.
ఆ నియమం రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మొదటి పేజీకి వెళ్లాను.
ఇంట్లో మనుషులు: నలుగురు.
పోయిన విడత ఐదుగురు.
ఆ గడి నింపింది నేనే, పొద్దున్నే, తలెత్తకుండా.

‘ఎవరి మీదైనా అలుగుతావా ఇప్పుడు?’
ఇది ప్రశ్నాపత్రంలో లేదు. అడగకూడదు కూడా.
వాడు బిస్కెట్ పొట్లాం అంచు గిల్లుతూ
కిటికీ వైపు తిరిగాడు.
సరిగ్గా అప్పుడే గుమ్మిడిపూండి లోకల్.
వాడి పెదాలు కదిలాయి, చాలాసేపు.
చెయ్యి ఒకసారి లేచి
నేలకి రెండు మూరల ఎత్తున ఆగింది,
కూచున్న మనిషి తల అక్కడికే వస్తుందన్నట్టు.
బండి పోయింది.
‘ఏమన్నావు?’
‘ఏం లేదుక్కా. నార్మల్.’

పొట్లాం విప్పకుండానే వదిలేసి వెళ్లాడు.
రాసుకోవాలి: రైలు, నలభై ఒక్క సెకన్లు.
పెన్ను తెరిచి, మూసి,
పొట్లాం తీసుకుని లేచాను.
వసారా ఆ చివర కుళాయి దగ్గర
నీళ్లు తాగకుండా నిలబడి ఉన్నాడు,
వీపు ఇటు.