పేరా ఏడు

మొదటిసారి వాపసొచ్చినప్పుడు
కాగితం వెనక ఊదారంగు ముద్ర,
దాని కింద వంకరగా రెండు ముక్కలు:
"పరిధి చూపలేదు. వ్యాజ్యకారణం ఎక్కడ పుట్టిందో చెప్పలేదు."
మైలపిల్లి దానయ్య ఫైలు నా మిషను పక్కన పెట్టి అడిగాడు:
"కారనం పుట్టడమేటమ్మా, అదేటి పిల్లా పాపా?"

నేను నవ్వలేదు.
పదహారేళ్ళుగా కోర్టు గోడవార ఈ రేకు కింద
ఊళ్ళోవాళ్ళ కష్టాలకి డబుల్ స్పేసు ఇస్తున్నదాన్ని.
ఎడమవైపు మార్జిను నాలుగు వేళ్ళు,
ఎవరి ఏడుపైనా మిగతా జాగాలోనే పట్టాలి.

నిన్ను పని మాన్పించింది ఎక్కడ, అన్నాను.
కాంట్రాక్టరు ఆఫీసు కాకినాడట.
సంతకం తీసుకున్నది రేవు గేటు ముందు టీకొట్టులో.
ఇనుపరాయి ఎత్తింది ఔటర్ హార్బర్‌లో,
ఓడ మీద ఏ దేశం జెండానో తెలీదు.
"రేపట్నుంచి రావద్దు" అన్న కబురు
కాన్వెంట్ జంక్షన్ దాటుతున్న సిటీ బస్సులో
ఫోన్లోకి ఇంగ్లీషులో దిగింది.
చదివిపెట్టింది కండక్టరు.

లాయరు సన్యాసిరాజు గారు కళ్ళద్దాలు నుదుటికెత్తారు.
"రేవు కేంద్రానిది. కాంట్రాక్టరు రాష్ట్రం కిందికొస్తాడంటాడు అవతలి వకీలు.
ఇతని యజమాని ఎవరో తేలితేగాని
ఏ గడప తొక్కాలో తెలీదమ్మా."

రెండోసారి: "ఆరోపణలు అస్పష్టం. తేదీలు లేవు."

తేదీలు లేకేం?
గంగమ్మ జాతరకి మూడ్రోజుల ముందు చేరాడు.
హుద్‌హుద్ వెళ్ళిన వారం, ఇంటికి కప్పు లేకపోయినా
రెండేసి షిఫ్టులు చేశాడు.
జీతం కోసింది వేట నిషేధంలో,
చుట్టాల పడవలన్నీ ఒడ్డునే ఉన్నప్పుడు.
తీసేసింది బహుళ అష్టమి నాడు,
పోటు మెట్టెక్కని పూట.
పాత పంచాంగాలు ముందేసుకుని
రాత్రి పదకొండు దాకా
సముద్రాన్ని తారీఖుల్లోకి దించాను.

రుజువు?
జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీశాడు, నాలుగువందల పదిహేడు.
దాని వెంటే చేతిరుమాలు,
ఎన్ని ఉతుకులు ఉతికినా ఎరుపు వదలనిది.
"ఇది ఎగ్జిబిటు కాదయ్యా,"
లాయరుగారు మడతపెట్టి మరీ తిరిగిచ్చారు.
బిళ్ళకి డబ్ల్యూ-1 అని చీటీ కట్టాం.

మూడోసారి పేరా ఏడు కొడుతుంటే
దగ్గు గురించి ఒక వాక్యం నా వేళ్ళలోంచి జారింది.
"జరిగింది రాయమ్మా. నొప్పి వాదనప్పుడు చూద్దాం."
కొట్టేశాను.

సంతకానికి ముందు చదివి వినిపించమన్నాడు.
సదరు పిటిషనరు, పైన పేర్కొన్న రేవులో,
ఎట్టి నోటీసూ లేకుండా, ఎట్టి నష్టపరిహారమూ లేకుండా...
తల వంచుకుని చివరిదాకా విన్నాడు.
"ఆడెవుడోగానీ పాపం,
శానా కష్టపడ్డాడమ్మా," అన్నాడు.

వేలి సిరా ఆ రుమాలుతోనే తుడుచుకున్నాడు కాబోలు,
పేజీ తిప్పినచోట, నా నాలుగు వేళ్ళ మార్జినులో
ఎర్రటి మరక.
మళ్ళీ కొట్టే ఓపికుంది. కొట్టలేదు.
గుమాస్తా దాన్ని గోటితో ఒకసారి గీకి చూసి
నంబరు వేసేశాడు.

మెట్ల మీద దానయ్య:
"పుట్టిందేటమ్మా?"
నంబరు పడింది, వాయిదా ఆగస్టు తొమ్మిది, అన్నాను.
ఆగస్టు తొమ్మిది, ఆగస్టు తొమ్మిది అనుకుంటూ
వేళ్ళ కణుపుల మీద లెక్క మొదలెట్టాడు,
ఆ రోజు పోటెప్పుడో.