ఒక పేజీ దాటకుండా

నయీంనగర్ నాలా పక్క సందుల
రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక నేను.
"బయోడేటాలు చేయబడును" అని బోర్డు రాయించిన కొత్తల
ఎవరూ రాలే.
"రెజ్యూమె" అని మార్పించిన,
పొద్దుగూకేసరికి గుమ్మం ముందర చెప్పులకు జాగ లేదు.

వచ్చినోళ్లందరూ ముందు అనేది ఒకటే:
"రాయడానికి ఏం లేదు సార్."

జన్ను అజిత్‌కు డిగ్రీకీ ఇప్పటికీ నడుమ
రెండేండ్ల సందు.
"ఏం చేసినవ్?"
"ఖాళీగనే ఉన్న సార్."
నీళ్ల గ్లాసు ముందుకు జరిపిన.
ఈ పనిల నాకు తెలిసిన కిటుకు అదొక్కటే,
నీళ్లిచ్చి ఊకుండుడు.
సగం గ్లాసు కాడ బయటపడ్డది:
ఎనుమాముల యార్డుల రెండు ఎండాకాలాలు
మిర్చి బస్తాలు మోసిండు.
కాంటా తప్పు చూపుతున్నదని ముందు పట్టింది తనే.
దడువాయితోని కొట్లాడి
నలభై బస్తాలు మళ్ల తూకం ఏయించిండు.
"దీన్ని ఖాళీ అంటరా?"
పోరడు తుమ్మిండు.
ఘాటు ఇంకా ముక్కుల ఉన్నదో,
నవ్వును అట్ల దాసుకున్నడో.

తాడ్వాయి నుంచి ఈసం సమ్మయ్య.
హాబీల కింద "క్రికెట్, పాటలు వినుట" అని
పక్కోని కాగితం చూసి దింపుకచ్చిండు.
తేనెపట్టుకు పొగ ఎంత పెట్టాల్నో,
ఎప్పుడు ఆపాల్నో ఎరిగినోడు.
క్రికెట్ కొట్టేసి తేనె రాసిన.
ఇంటర్వ్యూల దాని మీదనే పావుగంట అడిగిండ్రట.
ఉద్యోగం రాలే.
పావుగంట మాత్రం వచ్చింది.

ఇట్ల తొమ్మిదేండ్లు.
నేర్చుకోవద్దనిది కూడ నేర్చుకున్న:
స్కాలర్‌షిప్ వ్యాసంల
కష్టం మొదటి పేరాలనే ఉండాలె,
చావుంటే ఇంకా మంచిది.
రెండో పేరాల లేచి నిలబడాలె,
మూడోదాంట్ల దేశానికి ఏమన్న చెయ్యాలె.
ఈ కొలతకు
శానమంది నాయినలను కత్తిరించిన.

బైరి నవ్య కొత్తవాడ పిల్ల.
బెంగళూరుల పీజీకి ఐదువందల మాటలు రాయాలె.
మాట నడుమ మాటగ చెప్పింది,
అప్పులోళ్లు వచ్చిపోయిన నాడు
నాయిన మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని
తెల్లారేదాక చీకట్లనే కూసున్నడని,
తను టార్చిలైటు పట్టుకొని, వెలిగించకుండ,
పక్కన కూసున్నదని.
నా వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఉన్నయి.

మంచిగ కుదిరింది. నాకే గొంతు పట్టింది.
ప్రింటు తీసి ఇచ్చిన.
నిలబడి ఒకసారి చదివింది,
కూసొని ఒకసారి.
"మస్తుగున్నది సార్.
ఆ రాత్రి తీసెయ్యుండ్రి."
"అదే కదమ్మా నీ బలం."
"నాది కాదు సార్, మా నాయినది.
కూసోమని ఆయన నన్నడగలే.
రాయనా అని నేను ఆయన్నడగలే."

ఫ్యాన్ తిరిగింది.
బయట ఆటో అతను కాజీపేట, కాజీపేట అని ఒర్రుతున్నడు.
డిలీట్ మీట శాన చిన్నది.
నా వేలే బరువైంది.

ఆ జాగల ఏం పెట్టాలె?
ఇద్దరం తెల్లటి తెరను చూసుకుంట కూసున్నం.
ఎంతసేపటికో తనే మొదలుపెట్టింది,
జంపఖానా అంచు చారల లెక్క:
ఎరుపు ఎన్ని పోగులు, నీలం ఎన్ని,
ఒక్కటి తప్పితే ఎన్ని వరుసలు ఇప్పాలె,
ఏడో తరగతిల నోటుబుక్కు ఎనుక అట్ట మీద
దానికి తను సూత్రం ఎట్ల కట్టింది.
చెప్పుకుంట చెప్పుకుంట
గాలిల నాడె ఇసిరింది చెయ్యి.
తన మాటలను తన వరుసలనే కొట్టిన.
ఆఖరి వాక్యం సప్పగున్నది.
ఉండనిచ్చిన.

ఆ పిల్ల పోయినంక పాత ఫోల్డర్లు తెరిచిన.
ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్.
ఎవరెవరి చీకట్లల్లనో
నేను అడగకుండ ఏసిన లైట్లు.

ప్రింటరు మీద నవ్య మొదటి ప్రతి.
ఎనుక దిక్కు తెల్లగనే ఉన్నది,
పనికొస్తదని ఎప్పటిలెక్క రఫ్ కాగితాలల్ల పెట్టబోయి
నాలుగు ముక్కలు చేసి
అంగి జేబుల ఏసుకున్న.